స్నేహితుల సెలవుల్లో ఇమిడే సినిమా

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. ఒంగోలులో ఒక ప్రైవేటు బ్యాంకులో పనిచేస్తున్నాను. ఇంజినీరింగు చదివే రోజుల నుంచీ సినిమా తీయాలన్న కోరిక ఉంది. బ్యాంకు దోపిడీ చుట్టూ తిరిగే గంటన్నర కథ రాసుకున్నాను. అందులో 22 పాత్రలు ఉన్నాయి. నా దగ్గర 2 లక్షల 40 వేల రూపాయలు ఉన్నాయి. మిత్రుల్లో ఒకడు సొంత కెమెరాతో పెళ్లిళ్ల వీడియోలు తీస్తాడు. ఇంకొకడు హైదరాబాదులో ఎడిటరు. కాలేజీ నాటకాల్లో వేషాలు వేసిన మూడోవాడు హీరోగా తానే చేస్తానంటున్నాడు. నాకు నమ్మకం లేదు, ఆ మాట పైకి అనలేకపోతున్నాను. కొండపి దగ్గర పొగాకు వేసే నాలుగో మిత్రుడి ఇంట్లో అందరం ఉండవచ్చు. అందరూ డబ్బు వద్దంటున్నారు. సంక్రాంతికి సెలవులు పెట్టి 20 రోజుల్లో ముగిద్దామనుకుంటున్నాం. ఇది అయ్యే పనేనా? రేపు డబ్బులొస్తే ఎలా పంచుకోవాలి? ఉద్యోగం మానేయమంటారా?

— ఒక పాఠకుడు, ఒంగోలు

సమాధానం: మీ ఉత్తరంలో డబ్బు సంగతి ఒక్క వాక్యంలో ముగిసింది, మిగిలినదంతా మిత్రుల గురించే ఉంది. మీ అసలు పెట్టుబడి ఎక్కడుందో మీకు తెలియకుండానే సరిగ్గా చెప్పారు. 2 లక్షల 40 వేలు అయిపోతే ఇంకో 50 వేలు ఎక్కడో ఒకచోట పుడతాయి. పగలంతా వేరేవాళ్ల పని చేసి వచ్చిన ఎడిటరు మీ కోసం మేలుకునే రాత్రి మాత్రం ఎక్కడా అప్పు పుట్టదు. కాబట్టి కథను డబ్బుకు తగ్గట్టు కుదించడానికి ముందు, మీ మిత్రులు నిజంగా ఇవ్వగలిగిన రోజులకు తగ్గట్టు రాసుకోవాలన్నది నా అభిప్రాయం. మీరు అడిగిన ప్రశ్నలన్నిటికీ జవాబు నేను అక్కడి నుంచే చెబుతాను.

ముందు లెక్క చూద్దాం. స్క్రిప్టులో ఒక పేజీ తెర మీద సుమారు ఒక నిమిషమని పరిశ్రమలో ఒక మోటు లెక్క ఉంది. గంటన్నర అంటే 90 పేజీలు; 20 రోజుల్లో తీయాలంటే రోజుకు నాలుగున్నర పేజీలు. అనుభవం ఉన్న యూనిట్ కూడా చెమటోడిస్తే గాని సాధించలేని వేగమిది. తొలిసారి కలిసి పనిచేసే ఐదారుగురు, లైటు సరిచేసుకుని, మైకు దాచుకుని, డైలాగు గుర్తుతెచ్చుకుని, పక్కింటి వాళ్ల మోటారు ఆగేదాకా కూర్చుని తీసేటప్పటికి రోజుకు రెండు మూడు పేజీలైతే గొప్ప. పైగా 22 పాత్రలంటే 22 మంది సెలవులు ఒకే వారంలో కలవాలి. దోపిడీ కథ కాబట్టి పోలీసు యూనిఫారాలు, బొమ్మ తుపాకులు, బ్యాంకు లోపలి దృశ్యాలు కూడా కావాలి. అనుమతి లేకుండా నడిబజారులో బొమ్మ తుపాకీ బయటికి తీస్తే ఆ రోజు షూటింగు నిజమైన పోలీసు స్టేషనులో ముగుస్తుంది. మీరు రాసుకున్న కథ మంచిదే కావచ్చు, దాన్ని దాచుకోండి. మీకు ఇప్పుడున్న వనరులతో అయ్యే పని మాత్రం కాదు.

మీరు యథాలాపంగా రాసిన ఒక మాట దగ్గర నేను ఆగిపోయాను. మీ మిత్రుడి కుటుంబం కొండపి దగ్గర పొగాకు వేస్తుందన్నారు. అంటే వాళ్లకు బ్యారన్ ఉండే ఉంటుంది. కర్రలకు కట్టిన పచ్చి ఆకును లోపల వరసలుగా వేలాడదీసి, దాదాపు వారం రోజుల పాటు మెట్టుమెట్టుగా వేడి పెంచుతూ పచ్చదనాన్ని పసుపుగా మార్చే ఆ గది ముందు, రాత్రుళ్లు ఒక మనిషి నిద్ర మానుకుని పొయ్యిలో కట్టె ఎగదోస్తూ, థర్మామీటరు చూసుకుంటూ కూర్చుంటాడు. వేడి తప్పితే ఆ విడత ఆకు రంగు చెడుతుంది, రంగు చెడితే వేలంలో ధర పడిపోతుంది. ఒక చోటు, ఒక రాత్రి, ఇద్దరు ముగ్గురు మనుషులు, తెల్లారేలోగా తేలవలసిన ఒక ప్రమాదం: సినిమాకు కావలసిన సరుకంతా అక్కడ సిద్ధంగా ఉంది. ఆ మంట వెలుగు సెట్టు వేసి తెచ్చుకునేది కాదు. హైదరాబాదులో వేలమంది కుర్రవాళ్లకు మంచి కెమెరాలున్నాయి, వాళ్లకు లేనిది మీకున్న ఆ పొయ్యి. 2018లో వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’ విశాఖపట్నంలోని ఆ పేట ఇళ్లలోనే, ఎక్కువగా అక్కడి సామాన్య జనంతోనే నడిచింది; చాలామంది అంతకుముందు కెమెరా ముందు నిలబడినవాళ్లు కారు. ఆ మనుషులూ, ఆ వీధులూ కథకు అలంకారంగా కాక ఆధారంగా ఉండడం వల్లనే అది నిలబడింది.

అక్కడ షూటింగు చేసేటప్పుడు ఒక్కటి మరిచిపోవద్దు. వాళ్లకు అది ఏడాది రాబడి. షాటు బాగుంటుందని వేడి మీదున్న బ్యారన్ తలుపు పదే పదే తీయించవద్దు. లోపలి దృశ్యాలు కావాలంటే ఒక విడత ఆకు దించి, తర్వాతి విడత ఎక్కించే మధ్యలో ఖాళీగా ఉన్నప్పుడు తీసుకోండి. మిత్రుడు మొహమాటపడి సరేనన్నా, ఈ మాట వాళ్ల నాన్నగారిని అడిగి ఖాయం చేసుకోవలసింది మీరే.

నిడివి పాతిక ముప్ఫై నిమిషాలకు తగ్గించుకోమని నా సలహా. రోజుకు మూడు పేజీల చొప్పున తొమ్మిది రోజుల్లో 27 పేజీలు తీయవచ్చు. 20 రోజులు సెలవు దొరకని మిత్రులకైనా తొమ్మిది రోజులు దొరుకుతాయి. పూర్తి నిడివి సినిమాయే తీయాలన్న పట్టుదల ఉంటే దారి వేరు. క్రిస్టఫర్ నోలన్ తన మొదటి సినిమా ‘ఫాలోయింగ్’ను 1998లో బయటికి తెచ్చే ముందు, వారమంతా ఉద్యోగాలు చేసుకునే మిత్రులతో లండన్‌లో వారాంతాల్లో మాత్రమే తీస్తూ దాదాపు ఏడాది గడిపాడు. నలుపు తెలుపు 16 మిల్లీమీటర్ల ఫిల్ము, వీలైనంత వరకు సహజమైన వెలుగు, తెలిసినవాళ్ల ఇళ్లు. ఫిల్ము ఖరీదైనది కాబట్టి, నాటకానికి చేసినట్టు ముందే బాగా రిహార్సల్ చేయించి, ఒకటి రెండు టేకుల్లో ముగించేవాడు. మీకు మెమరీ కార్డులో టేకులు ఉచితమే అయినా మిత్రుల ఓపిక ఉచితం కాదు గనుక, ఆ రిహార్సల్ పద్ధతి మీకూ వర్తిస్తుంది. కానీ బ్యారన్లు ఏడాది పొడుగునా మండవు. అందుచేత ఈ కథకు వారాంతాల దారి కుదరదు.

ఇక తేదీల సంగతి. పెళ్లిళ్ల వీడియోలు తీసే మిత్రుడికి మాఘమాసం వచ్చిందంటే ముహూర్తాల వెనుక పరుగే. నెలల ముందు అడ్వాన్సు తీసుకున్న పెళ్లిని మీ కోసం వదులుకోమనడం న్యాయం కాదు, వదులుకుంటానన్నా ఒప్పుకోవద్దు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, మూఢమి రోజులు అతనికి ఖాళీ. వీటిలో పుష్యమాసం సాధారణంగా జనవరిలో వస్తుంది, మీ ప్రాంతంలో బ్యారన్లు రాజుకునేదీ దాదాపు అప్పటి నుంచే. మీరు సంక్రాంతి అనుకోవడం ఆ విధంగా కలిసొచ్చింది. అయితే పండగ మూడు రోజులూ వదిలేయండి. ఆ మూడు రోజులు ఊళ్లో మైకు ఆగదు, ఇంటికి చుట్టాలొస్తారు, ఏ తల్లీ కొడుకును పండగపూట మీ షూటింగుకు సంతోషంగా పంపదు. కనుమ దాటాక మొదలుపెట్టి, మాఘం రాకముందే గుమ్మడికాయ కొట్టేయండి. ఆ ఏటి పంచాంగం చూసుకుని, మూడు నెలల ముందే తేదీలు చెప్పండి.

కాలం దాటితే ఏమవుతుందో సత్యజిత్ రాయ్‌కి తెలుసు. ప్రకటనల సంస్థలో ఉద్యోగం చేస్తూ ఆయన 1952లో ‘పథేర్ పాంచాలి’ని రెల్లుపూల పొలంలో మొదలుపెట్టారు. తర్వాతి వారాంతంలో వెళ్లి చూస్తే పూలన్నీ పశువులు మేసేశాయి, మిగిలిన దృశ్యం కోసం మరుసటి ఏడాది రెల్లు పూసేదాకా ఆగవలసి వచ్చింది. డబ్బు లేక ఆగి ఆగి సాగిన ఆ చిత్రం 1955లో గాని పూర్తికాలేదు. ఇంతకాలంలోనూ కథలోని పిల్లవాడు అపు గొంతు మారకపోవడం, అతని అక్క దుర్గ ఎదిగిపోయినట్టు కనబడకపోవడం, ముసలి అత్త పాత్రధారిణి బతికి ఉండడం తన అదృష్టమని ఆయనే చెప్పుకున్నారు. మీ నటుల విషయంలో ఇంత గండం లేకపోయినా, షూటింగు రెండు విడతలైతే మధ్యలో ఎవరికైనా తిరుమల మొక్కు ఉందేమో ముందే కనుక్కోండి. హీరో గుండుతో తిరిగొస్తే కంటిన్యుటీని ఏ ఎడిటరూ కాపాడలేడు.

‘పథేర్ పాంచాలి’కే ఛాయాగ్రాహకుడైన సుబ్రత మిత్ర అప్పటికి ఇరవై దాటిన కుర్రవాడు; ఫొటోలు తీయడమే తప్ప సినిమా కెమెరా పట్టిన అనుభవం లేదు. కాబట్టి మీవాడు పెళ్లిళ్ల కెమెరామన్ అన్నది లోటేమీ కాదు. జరుగుతున్నదాన్ని జరుగుతుండగానే పట్టుకోవడం, చీకటి మండపంలో కూడా మొహం కనబడేలా చూడడం అతనికి వచ్చు. అయితే పెళ్లి తాళి కట్టడంతో ముగిసిపోతుంది, సినిమాలో అదే తాళి ఐదు కోణాల నుంచి ఐదుసార్లు కట్టాలి; అందులో చెయ్యి ప్రతిసారీ అదే ఎత్తులో లేవాలి. ఆ అలవాటు కోసమే రిహార్సల్‌కు అతణ్ణీ పిలవండి. కెమెరా ఊగకుండా తేలించే గింబల్ ఇంట్లో పెట్టి రమ్మనండి. స్లో మోషన్ మీద మోజుంటే పెళ్లిళ్లలో తీర్చుకోవచ్చు. మన కరెంటు 50 హెర్ట్జ్ మీద నడుస్తుంది కాబట్టి, సెకనుకు 25 ఫ్రేములూ షట్టరు 1/50 పెట్టుకుని తీస్తే ట్యూబులైటు కింద తెర మీద చారలు, మినుకులు రావు. ఇంత చిన్న విషయం చూసుకోక రాత్రి దృశ్యాలన్నీ పారేసుకున్నవాళ్లున్నారు.

బొమ్మ కొంచెం మసకగా ఉంటే ప్రేక్షకుడు అదో శైలి అనుకుంటాడు. మాట వినబడకపోతే మాత్రం రెండో నిమిషంలో లేచిపోతాడు. కుర్రవాళ్ల సినిమాల్లో తొంభై పాళ్లు చెడేది ఇక్కడేనని నా గట్టి నమ్మకం. కెమెరాకు ఉన్న మైకును నమ్మవద్దు. ఒక రికార్డరు, కర్రకు కట్టి తల మీదుగా పట్టుకునే ఒక బూమ్ మైకు, రెండు కాలరు మైకులు అద్దెకు తీసుకోండి. ఆ పని ఒక్కటే చూసే మనిషిని పెట్టండి. హెడ్‌ఫోను చెవికి పెట్టుకుని కూర్చునే ఆ మనిషి ‘ఇంకోసారి’ అంటే, హీరో ఎంత బాగా ఏడ్చినా ఇంకోసారి తీయవలసిందే. ఇంట్లో దృశ్యాలకు ఫ్యాను ఆపాలి, ఫ్రిజ్ ఆపాలి. ఫ్రిజ్ ఆపిన ప్రతిసారీ మీ బైకు తాళం అందులో పెట్టండి. లేకపోతే రాత్రి వెళ్లిపోయేటప్పుడు దాన్ని మళ్లీ ఆన్ చేయడం మరిచిపోతారు, తెల్లారి పాలు విరిగిపోయాక ఆ ఇంటి ఇల్లాలు మీకు రెండో రోజు తలుపు తీయదు. ప్రతి చోటా అందరూ ఊపిరి బిగబట్టి అర నిమిషం పాటు ఆ గది నిశ్శబ్దాన్ని కూడా రికార్డు చేసుకోండి. డైలాగుల మధ్య అతుకులు కప్పడానికి ఎడిటరు వెతికేది దాన్నే. డబ్బింగులో చూసుకోవచ్చనే మాట పెద్ద సినిమాలకు సరిపోతుంది. మీ మిత్రుడి బావమరిదో, పక్కింటి తాతో వేసిన పాత్రకు మూడు నెలల తర్వాత మైకు ముందు నిలబడి పెదవులకు సరిపోయేలా మళ్లీ చెప్పడం రాదు.

పాటల విషయంలో కూడా జాగ్రత్త అవసరం. దూరంగా గుడి మైకులో వినబడే భక్తిపాటైనా సరే, ఆ రికార్డింగుకు విడుదలైన నాటి నుంచి 60 ఏళ్లు నిండకపోతే హక్కుదారులుంటారు. శ్లోకం పాతదే కావచ్చు, పాడిన క్యాసెట్ మాత్రం ఎవరో ఒకరిది. యూట్యూబులో పెట్టిన గంటలోనే అభ్యంతరం రావచ్చు. మైకు ఆగాక తీయడమే సులువు.

హీరో కావాలనుకుంటున్న మిత్రుడి గురించి. నమ్మకం లేదని రాశారు గాని, ఎందుకు లేదో రాయలేదు. నాటకాల అలవాటున్నవాళ్లు వెనక వరసకు వినబడేలా మాట్లాడతారు, కెమెరా మూరెడు దూరంలో ఉంటుంది. తేడా అంతే అయితే సరిచేయవచ్చు. అతనితో ఒక సాయంత్రం కూర్చుని, ‘అన్నం తిన్నావా?’ అన్న ఒక్క మాటను ఫోనులో మూడు విధాలుగా తీయండి. మొదట ఊరికే నిలబడి అనమనండి. తర్వాత వెల్లుల్లి రెబ్బలు ఒలుస్తూ, తలెత్తకుండా అనమనండి. మూడోసారి, ఎదుటివాడు నిన్న రాత్రి తనను మోసం చేశాడని మనసులో అనుకుంటూ అదే మాట అనమనండి. ఇద్దరూ కూర్చుని ఆ మూడూ చూడండి. చేతికి పని దొరికిన రెండో దాంట్లో చాలామంది హఠాత్తుగా మనుషుల్లా కనబడతారు. అతనూ కనబడితే, పొయ్యి ముందు ఎప్పుడూ ఏదో ఒక పనిలో ఉండే పాత్ర అతనికి చక్కగా సరిపోతుంది. కనబడకపోతే, ఆ సంగతి మీకంటే ముందు అతనికే తెలుస్తుంది. అప్పుడు మీరు మాట అనడం కూడా సులువవుతుంది. ఏది చెప్పినా తేదీలు ఖాయం చేయకముందే చెప్పండి. మూడో రోజు షూటింగులో చెబితే స్నేహం, సినిమా రెండూ పోతాయి.

అందరూ డబ్బు వద్దంటున్నారని మురిసిపోతున్నారు గాని, అందరికీ ఒకే లెక్క వర్తించదు. షూటింగు తొమ్మిది రోజుల సందడి. ఉచితంగా రావడానికి అందరికీ సరదాగానే ఉంటుంది. ఆ తర్వాత ఒక గదిలో ఒంటరిగా నెలల తరబడి కూర్చోవలసినవాడు ఎడిటరు. జీతమిచ్చే పని ముందుంటుంది, మీ పని వెనక్కి పోతుంది. అతని తప్పేమీ లేదు, హైదరాబాదులో అద్దె కట్టుకోవాలి కదా. మిత్రులతో తీసిన సినిమాల్లో ఎక్కువ భాగం హార్డ్ డిస్కుల్లో నిద్రపోయేది ఈ కారణంగానే. కాబట్టి మీ డబ్బులో సగం షూటింగుకు ముట్టుకోవద్దు. ఎడిటరుకు చిన్నదైనా నిజమైన పారితోషికం ముందే ఇచ్చి, వారంలో ఏ రెండు రాత్రులు మీవో మాట్లాడుకోండి. శబ్దం మిక్సింగుకు, రంగుల దిద్దుబాటుకు, ఇంగ్లీషు సబ్‌టైటిళ్లకు మిగతా వాటా. ఎడిటింగుకు, రంగులకు వాడే డావిన్చి రిజాల్వ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ మీ అవసరానికి చాలు. షూటింగు జరిగిన ప్రతి రాత్రీ ఫుటేజీని రెండు వేర్వేరు డిస్కుల్లోకి ఎక్కించి, రెండూ తెరుచుకుంటున్నాయని చూశాకే కార్డు చెరపాలి. ఆ రెండు డిస్కులూ ఒకే సంచిలో ప్రయాణించకూడదు.

మిగతా సగంలో మొదటి ఖర్చు భోజనం. ఎనిమిది మందికి రోజుకు మనిషికి 250 చొప్పున తొమ్మిది రోజులకు 18 వేలు అవుతుంది. ఇందులో రూపాయి తగ్గించవద్దు. డబ్బు తీసుకోని మనిషికి మీరు చూపగల గౌరవం ఒంటిగంటకు వేడి అన్నం, రాత్రి షూటింగులో రెండింటికి టీ. బిర్యానీ మాత్రం ఆఖరి రోజుకు ఉంచండి, మధ్యాహ్నం బిర్యానీ తిన్న యూనిట్ చేత నాలుగింటి దాకా ఎవరూ పని చేయించలేరు. వీటితో పాటు పెట్రోలు, చార్జీలు ఎవరి జేబు నుంచీ పోకూడదు. వద్దన్నా ఇవ్వండి.

పంపకాల ప్రశ్న డబ్బులొచ్చాక అడిగేది కాదు కాబట్టి ఇప్పుడే అడిగినందుకు సంతోషం. ‘మన మధ్య కాగితాలేమిట్రా’ అనే మాట వస్తుంది, వచ్చినా రాసుకోండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సినిమాకు కర్తగా లెక్కకొచ్చేది నిర్మాత. డబ్బు మీది కాబట్టి నిర్మాత మీరే అని తేల్చుకోండి, టైటిల్సులో అలాగే వేయండి. కథలో, సంగీతంలో ఎవరిదైనా చెయ్యి ఉంటే వాళ్ల హక్కు మీకు రావడానికి నోటిమాట చెల్లదు. రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఆ రాతలో ఎంతకాలమో రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్లుగానూ, ఎక్కడెక్కడో రాయకపోతే భారతదేశం వరకేననీ లెక్కిస్తుంది. విదేశీ ఉత్సవానికి పంపేటప్పుడు ఈ లోపం బయటపడుతుంది. నటుల నుంచి, ఇల్లిచ్చిన పెద్దల నుంచి కూడా తేట తెలుగులో ఒక పేజీ అంగీకారపత్రం తీసుకోండి. ఎవరైనా పదివేలు చేతిలో పెడితే అది కానుకో, అప్పో, వాటాయో ఆ రోజే ఒక వాక్యంలో రాసుకోవాలి. రాబడి వస్తే మొదట పెట్టిన డబ్బు పెట్టినవాళ్లకు, తర్వాత పారితోషికం వదులుకున్నవాళ్లకు పనిచేసిన రోజుల చొప్పున, ఆపైన మిగిలితే సమాన వాటాలు అన్న వరస నాకు న్యాయంగా తోస్తుంది. మీకు ఇంకో వరస నచ్చితే అదైనా సరే, అందరూ చదివి సంతకం పెట్టింది కావాలి. నిజానికి లఘుచిత్రానికి చేతికొచ్చేది తక్కువ, గొడవలన్నీ పేరు దగ్గరే వస్తాయి. ఎవరి పేరు ఏ హోదాతో, ఏ వరసలో పడుతుందో కూడా ఆ కాగితంలోనే ఉండనివ్వండి.

అనుమతుల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. థియేటరులో టిక్కెట్టు పెట్టి వేస్తే సెన్సారు సర్టిఫికెట్టు తప్పదు. అలాంటి చిత్రంలో ఎద్దునో కుక్కనో నటింపజేస్తే జంతు సంక్షేమ మండలి అనుమతి పత్రం కూడా అడుగుతారు. యూట్యూబు వరకే అయితే ఆ సర్టిఫికెట్టు అక్కర్లేదు. రోడ్డు మీద తీయాలంటే స్థానిక పోలీసులకు ముందే దరఖాస్తు పెట్టండి, రైల్వే స్టేషను జోలికి అనుమతి లేకుండా వెళ్లవద్దు. బ్యారన్ కథకు ఇవేవీ పెద్దగా అవసరపడవు.

ఉద్యోగం మానవద్దు. రాయ్ మానలేదు, నోలన్ మిత్రులు మానలేదు. మీ సినిమాకు ఏకైక ఫైనాన్షియరు మీ జీతం. మీ నియామక నిబంధనల్లో బయటి సంపాదన గురించి ఏముందో మాత్రం చదువుకోండి. చాలా బ్యాంకులు ముందస్తు అనుమతి అడుగుతాయి. సెలవు పెట్టేలోగా ఒక ఆదివారం, మూడు పేజీల సీను ఒక్కటి, అదే కెమెరాతో, అదే మైకుతో, అదే మిత్రులతో తీసి, ఎడిటింగు దాకా పూర్తిచేసి చూడండి. ఎడిటరు దాన్ని ఎన్నాళ్లలో తిప్పి పంపాడో గమనించి, దానికి తొమ్మిది రెట్లు వేసుకుంటే మీ సినిమా ఎప్పటికి పూర్తవుతుందో మీకే తెలుస్తుంది. ఆ తర్వాత జనవరి సెలవుకు దరఖాస్తు ఇవ్వండి. ఏవైనా షాట్లు మిగిలిపోతే ఆ ప్యాచ్ వర్కును మార్చికి నెట్టవద్దు. బ్యాంకులో ఇయర్ ఎండింగు నెలలో మీకు సెలవిచ్చే మేనేజరు దొరకడు, ఏప్రిల్ గడిస్తే బ్యారన్లో మంట ఉండదు.